చాప చుట్టుకొని వెళ్ళిన పెద్దయ్య



నేను కాపరిగా ఉన్న సంఘము గోదావరిఖనిలో, బొగ్గు గనుల నడుమ ఉన్నది. మా ఊళ్ళో కాలము గడియారమును బట్టి గాక షిఫ్టును బట్టి నడుస్తుంది. ఉదయము ఏడింటికి మొదటి షిఫ్టు, పగలు మూడింటికి రెండవ షిఫ్టు, రాత్రి పదకొండింటికి నైట్ షిఫ్టు. ఆదివారము డ్యూటీకి జీతము ఎక్కువ గనుక "ప్లేడే" దొరికినవారు బాయికి పోతారు, దొరకనివారు గుడికి వస్తారు. మా వాళ్ళు చర్చిని గుడి అనే అంటారు. ఏ ఆదివారము ఎందరు వస్తారో కాపరికి ముందుగా తెలియదు. నూట యాభై మంది వచ్చిన దినములున్నవి, ముప్పై మందితో ముగించిన దినములున్నవి. ఎవరు వచ్చినా రాకపోయినా తలుపులు మాత్రము తెరిచే ఉండేవి. వాటిని 2020 మార్చి 22న మూశాము.

ఆ దినము జనతా కర్ఫ్యూ. లెంటు కాలములో నాలుగవ ఆదివారము. ఆ సాయంకాలమే మన రాష్ట్రములో లాక్‌డౌన్ ప్రకటించారు. మూడు దినములకు దేశమంతా మూతబడింది. మొదట మార్చి 31 వరకే అన్నారు గనుక ఈస్టరు నాటికి తెరుస్తామని అనుకొన్నాము. మట్టల ఆదివారము వెళ్ళిపోయింది. శుభ శుక్రవారము వెళ్ళిపోయింది. ఏప్రిల్ 12న ఈస్టరు తెల్లవారుజామున ప్రతి ఏడు పాటలతో మ్రోగే మా వీధిలో కుక్కల అరుపు తప్ప ఏమీ వినబడలేదు. భూగర్భ గనులకు లే-ఆఫ్ ఇచ్చారు. లే-ఆఫ్ అంటే సగము జీతము. ఓపెన్‌కాస్టులు మాత్రము నడిచినవి, కరెంటుకు బొగ్గు కావాలి గదా.

మా సంఘములో అందరికీ పెద్ద ఫోనులు లేవు. ఫోను ఉన్న ఇళ్ళలో అది డ్యూటీకి పోయిన కొడుకు జేబులో ఉండేది. కనుక నేను పాత పద్ధతికి దిగాను. ఆదివారము తొమ్మిదింటికి నేనే వెళ్ళి గుడి గంట కొట్టేవాడిని. గంట వినగానే చుట్టుపట్ల ఇళ్ళలో ప్రార్థన మొదలు పెట్టాలి. దూరముగా ఉన్నవారు గడియారము చూసి మొదలు పెట్టాలి. చదవవలసిన వాక్యభాగము శనివారమే ఒక కాగితము మీద వ్రాసి గుడి గేటుకు అంటించేవాడిని. మొదటి ఆదివారము గంట విని ఒక కానిస్టేబులు మోటారుసైకిలు మీద వచ్చాడు. లోపల జనము కూడినారేమోనని తొంగి చూశాడు. నేనూ, అమ్మగారూ, ఒక పిల్లి తప్ప ఎవరూ లేరు. మంచినీళ్ళు త్రాగి, "కొట్టుకోండి సార్, గంటకు కరోనా రాదు" అని వెళ్ళిపోయాడు.

ఇళ్ళలో ఆరాధన ఎట్లా జరిగిందో తరువాత ఒక్కొక్కరు చెప్పగా విన్నాను. ముప్పై ఏండ్లు గుడిలో కూర్చున్న పురుషులు తమ ఇంట్లో నోరు తెరిచి ప్రార్థించడానికి సిగ్గుపడ్డారట. చివరికి ఆరో తరగతి పిల్లలు వాక్యము చదివితే, తల్లులు ప్రార్థన చేశారు. బీడీలు చుట్టే ఒక సహోదరి భర్త ఎన్నడూ గుడి మెట్టు ఎక్కినవాడు కాదు. మద్యము దుకాణములు మూసినందున ఎక్కడికీ పోలేక ఆమె ప్రక్కన కూర్చున్నాడు. ఆరు వారములు అలాగే కూర్చున్నాడు. సాక్ష్యముగా చెప్పుకోదగిన సంగతే అని మేము సంతోషించుచుండగా మే 6న దుకాణములు తెరిచారు, ఆయన లేచి వెళ్ళాడు. అయినా ఆ కథ అంతటితో ముగియలేదు.

ఇక నా సంగతి చెప్పాలి. ఇది వ్రాయడానికి నేను ఇంతకాలము వెనుకాడాను.

మా సంఘములో నెలకు మొదటి ఆదివారము ప్రభువు బల్ల ఇస్తాము. ఏప్రిల్ 5న ఇవ్వలేదు. ఈస్టరుకు ముందు దినము ఒక ఫోను వచ్చింది. మా సంఘములో ఒక పెద్దయ్య. అప్పటికి డెబ్బై ఆరేండ్లు. తట్టా చెమ్మసుతో టబ్బులకు బొగ్గు నింపిన తరమువాడు. పదహారేండ్ల క్రిందట రిటైరయ్యాడు, బొగ్గు దుమ్ము మాత్రము ఆయన రొమ్ములోనుండి రిటైరు కాలేదు. నాలుగు మాటలకు ఒకసారి ఊపిరి తీసుకొనేవాడు. కొడుకు ఓపెన్‌కాస్టులో పని చేస్తున్నాడు.

"అయ్యగారూ, గుడి బందువెట్టిండ్రు, మంచిదే. బల్ల గూడ బందేనా?" అని అడిగాడు.

"కొన్ని దినములే గదా పెద్దయ్యా, గుడి తెరవగానే అందరమూ కలిసి తీసుకొందాము" అన్నాను.

మే నెల మొదట్లో పిడికెడు బియ్యము పంచడానికి వెళ్ళినప్పుడు మళ్ళీ అడిగాడు. మా స్త్రీలు వంట చేసినప్పుడెల్లా దేవుని పేర పిడికెడు బియ్యము తీసి పెడతారు. ఆ యేడు వాటిని గుడికి తెచ్చే వీలు లేక, కూలి పోయిన ఇళ్ళకూ, పెద్దపల్లి వైపు ఇటుక బట్టీలలో చిక్కుబడిన ఒడిషా కూలీలకూ పంపాము. పెద్దయ్య ఇంటి గేటు అవతల నేను, ఇవతల గడపలో ఆయన. ఆ దినము ఆయన చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు జ్ఞాపకమున్నవి.

"బాయి మోకాడ మైసమ్మ ఉంటది అయ్యగారూ. తోటోళ్ళు మొక్కుకొని దిగేది. మేము ఓ పక్కకు నిలవడి కండ్లు మూసుకొని దిగేది. లోపల బువ్వ యాళ్ళకు టోపీ లైటు బందువెట్టుకొని, క్యారేజి మీద చెయ్యి వెట్టి ప్రార్థన జేసేది. అసొంటి చీకట్ల మా దగ్గర గూసున్నోడు ఈ ఇంట్ల గూసోడా?"

నేను వేదాంతము చెప్పాను. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదకొండవ అధ్యాయములో పౌలు సంఘము కూడివచ్చినప్పటి సంగతి మాట్లాడుతున్నాడనీ, సంస్కారము ఒంటరిగా తీసుకొనేది కాదనీ, క్రమమును మనమే తప్పకూడదనీ చెప్పాను. చెప్పినది అబద్ధము కాదు. అయితే రోగుల ఇంట్లో సంస్కారమిచ్చు క్రమము కూడా మన ఆరాధన పుస్తకములలో ఉన్నది. డిప్లొమా చదివేటప్పుడు దాని మీద పరీక్ష కూడా వ్రాసినవాడిని. అది ఆయనకు చెప్పలేదు. అసలు సంగతి ఏమంటే నాకు భయము. ఆయన కొడుకు దినమూ నలుగురిలోకి పోయి వస్తున్నాడు. మా ఇంట్లో అమ్మగారికి చక్కెర వ్యాధి. ఆ గడప దాటి, ఆయన నోటి దగ్గరకు నా చెయ్యి పోనివ్వడానికి నాకు ధైర్యము చాలలేదు. భయమని చెప్పి ఉంటే ఆయన అర్థము చేసుకొనేవాడు. నేను వాక్యమును అడ్డము పెట్టుకొన్నాను.

జూన్ 8 నుండి ప్రార్థనా స్థలములు తెరవవచ్చునన్నారు. పెద్దలము కూర్చొని కొలిచి చూస్తే, ఆరడుగుల దూరము పాటిస్తే మా గుడిలో నలభై మంది కూడా పట్టరు. అందుచేత గుడి వెనుక ఖాళీ జాగాలో, వేపచెట్ల క్రింద ఆరాధన పెట్టుకొందామని నేనన్నాను. ఒక పెద్దకు అది నచ్చలేదు. "గుడి పెట్టుకొని బయట కూర్చోవడమేమిటి, పెళ్ళి భోజనాలలాగా?" అన్నాడు. నేను ఆయనకు దోర్నకల్ సంగతి జ్ఞాపకము చేశాను. అజరయ్యగారు 1912లో బిషప్పుగా అభిషేకము పొందారు. దోర్నకల్‌లో కథీడ్రల్ ప్రతిష్ఠ జరిగినది 1939లో. ఆ ఇరవై ఏడేండ్లు ఆ ప్రాంతములో సంఘములు పెరగకుండా ఆగలేదు. ఎన్నో పల్లెలలో కూలిపని ముగించుకొని వచ్చినవారు చెట్ల క్రిందనే కూడుకొన్నారు. సింగరేణి బొగ్గు రైళ్ళు వచ్చి కలిసే జంక్షను అదే గనుక మా వాళ్ళకు దోర్నకల్ అంటే పొరుగూరే. పెద్ద కొంచెము మెత్తబడ్డాడు.

నేల మీద సున్నముతో గుండ్రములు గీశాము. ప్రభుత్వము చెప్పిన నియమములు గేటు దగ్గర వ్రాసి పెట్టాము. చేతులు కడుక్కోవాలి, ముక్కూ నోరూ కప్పుకోవాలి, ఎవరి చాప వారే తెచ్చుకోవాలి, పుస్తకములు ఒకరివి ఒకరు ముట్టరాదు, గుంపుగా పాటలు పాడరాదు. అరవై ఐదేండ్లు దాటినవారు, పదేండ్లలోపు పిల్లలు ఇంట్లోనే ఉండాలి. పాటలు లేని ఆరాధన మా వాళ్ళకు ఉప్పు లేని గట్క. ఒక కీర్తనను నేను ఒక వచనము, వారొక వచనము చదివేవారము. గుడ్డ చాటున నుండి వచ్చిన ఆ స్వరము మొదటి వారము ఏడ్పులాగా ఉండింది.

గుడిలో ఉన్నప్పుడు ముందు కుర్చీలు కమిటీవారివి, వెనుక చాపలు మిగతావారివి. ఇది ఎవరూ పెట్టిన నియమము కాదు, ఎప్పటినుండో నడుస్తున్నది. సున్నపు గుండ్రములలో ముందు వెనుకలు ఉండవు. ఊడ్చే పని చేసే కాంట్రాక్టు సహోదరి ముందు వచ్చి వేపనీడలో కూర్చుంటే, ఆలస్యముగా వచ్చిన ఆఫీసుబాబుకు ఎండ మిగిలింది. ఒక ఆదివారము ప్రసంగము నడుమ వాన వచ్చింది. ఒకే చూరు క్రింద దూరరాదు గనుక అందరూ లేచి చాపలు నెత్తిన కప్పుకొని నిలబడ్డారు. నేను ఆపబోతే, "చెప్పుండ్రి అయ్యగారూ, మేమేం ఉప్పు బొమ్మలమా?" అన్నారు. మరొకమారు న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చ్ పట్టణము సంగతి చెప్పాను. 2011 ఫిబ్రవరి భూకంపములో వారి కథీడ్రల్ పాడైతే, జపాను దేశస్థుడైన శిగేరు బాన్ అనే శిల్పి లావుపాటి అట్ట గొట్టములతో తాత్కాలికముగా ఒక దేవాలయము నిర్మించాడు, 2013లో తెరిచారు. ఆరాధన ముగిసిన తరువాత ఒక అవ్వ దగ్గరకు వచ్చి, "అట్టలతోనా? వాన పడితెనో?" అని అడిగింది. పైన గాజులాంటి రేకులు వేశారని చెబితే గాని ఆమెకు నిమ్మళము కాలేదు. ఆ ప్రసంగములో ఆమెకు మిగిలినది అదొక్కటే అనుకొంటాను.

ఆ బయటి ఆరాధన మొదలైన దినము, జూన్ 14న, పెద్దయ్య వచ్చాడు. ఈత చాప సంకన పెట్టుకొని, తెల్ల ధోవతి కట్టుకొని, తువాలు ముక్కుకు చుట్టుకొని అందరికంటె ముందు వచ్చాడు. గుండ్రములలోకి రాలేదు. దూరముగా ప్రహరీ గోడ దగ్గర చాప పరచుకొన్నాడు. ఇద్దరు పెద్దలు నా వైపు చూశారు. గేటు మీద నియమములు వ్రాసినవాడిని నేనే. వెళ్ళి చెప్పాను.

"పెద్దయ్యా, అరవై ఐదు దాటినోళ్ళు ఇంట్లనే ఉండాలన్నరు గదా. మీ మంచికే."

ఆయన కోపపడి ఉంటే బాగుండేది. "రూలు రూలే అయ్యగారూ. బాయిల గూడ రూలు తప్పితెనే పానం పోయేది" అన్నాడు. గోడ పట్టుకొని లేచాడు. చాప చుట్టాడు. చుట్టుతూ, "మరి బల్లనన్న ఇంటికి తోలుండ్రి" అన్నాడు.

"చూద్దాం పెద్దయ్యా" అన్నాను.

జూలై 5 మొదటి ఆదివారము. బయట చెట్ల క్రింద, విడివిడి గిన్నెలతో, మార్చి తరువాత మొదటిసారి బల్ల ఇచ్చాము. ఎండుద్రాక్ష నానబెట్టి రసము తీసి అమ్మగారు సిద్ధము చేసింది. అందరూ కన్నీళ్ళతో తీసుకొన్నారు. ముగిసేసరికి పన్నెండు దాటింది. పెద్దయ్య ఇంటికి వెళ్ళాలని మనస్సులో ఉన్నది. ఎండగా ఉన్నది, వచ్చే వారము పోదామనుకొన్నాను. వచ్చే వారము ఆ ప్రక్క వీధిలో జబ్బు వచ్చిందన్నారు. ఆ నెలాఖరులో ఆయనకు జ్వరము, ఆయాసము. ఆసుపత్రికి తీసుకొని వెళ్ళిన రెండవ దినమే ప్రభువు పిలుచుకొన్నాడు.

సమాధి కార్యక్రమమునకు ఇరవై మందికే అనుమతి. నాలుగు వందల మంది రావలసిన మనిషికి ఇరవై మంది. ఆయనతో బొగ్గు నింపిన ముసలివారు రోడ్డు అవతల నిలబడి చేతులెత్తారు. నేను క్రమము చదివాను. నా గొంతు సరిగా పలికిందో లేదో నాకు తెలియదు.

ఆ సాయంకాలము గేటు దగ్గరే నిలబడి పెద్దమ్మను పరామర్శించాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "చివరిదాక మీ పేరే అన్నడయ్యా. అయ్యగారు చూద్దామన్నరు, వస్తరు అన్నడు" అని మాత్రము చెప్పింది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. అమ్మగారు నన్ను ఓదార్చలేదు. "రేపొద్దున ఎవరెవరు గుడికి రాలేని వాళ్ళున్నరో రాయండి" అన్నది.

వ్రాశాము. పెద్దలను కూడా అడిగి వ్రాస్తే ఇరవై మూడు ఇళ్ళు తేలినవి. ఆగస్టు 2 మొదటి ఆదివారము, ఒక స్టీలు డబ్బాలో రొట్టె, ఒక సీసాలో రసము, శుభ్రమైన గిన్నెలు సంచిలో పెట్టుకొని, ఒక పెద్దను వెంట తీసుకొని బయలుదేరాను. మొదట పెద్దమ్మ ఇంటికి. ఆ దినము గడప దాటాను.

ఆ ఇరవై మూడు పేర్లు మళ్ళీ చదువుకొన్నప్పుడు నాకు కనబడిన సంగతి ఇది. అందులో తొమ్మిది మంది జబ్బు వచ్చినందున ఆగినవారు కారు. అంతకు ఎన్నో ఏండ్ల ముందునుండే గుడికి రాలేనివారు. గనిలో కాలు పోయినవాడు ఒకడు. మా గుడికి ఉన్న ఏడు మెట్లు ఎక్కలేక మానుకొన్నాడు. మతి తప్పిన బిడ్డను విడిచి రాలేని తల్లి ఒకతె. మంచము పట్టిన ఒక సహోదరి నేను పరిచయము చేసుకోబోతే నవ్వి, "బీమారొచ్చినంక మీకు గుడి మూసిండ్రు. నాకు పదకొండేండ్లాయె" అన్నది. ఆమె ఇల్లు గుడికి రెండు వీధుల దూరము. నేను కొట్టిన గంట ప్రతి ఆదివారమూ ఆమెకు వినబడింది. ఆమె పేరు సంఘ పుస్తకములో, చందా రానివారి పేజీలో ఉన్నది.

యెరూషలేములో మందిరమునకు దూరమై చెరలోనికి పోయినవారితో, వారు చెదరిపోయిన దేశములలో తానే వారికి కొంతకాలము పరిశుద్ధాలయముగా ఉంటానని దేవుడు చెప్పిన సంగతి యెహెజ్కేలు పదకొండవ అధ్యాయములో ఉన్నది. లాక్‌డౌన్‌లో దాని మీద నేను రెండుసార్లు ప్రసంగించాను. చెదరిపోయినవారు మేమేనని చెప్పాను. ఆ సహోదరి మంచము ప్రక్కన నిలబడినప్పుడు ఆ ప్రసంగములు నాకు జ్ఞాపకమునకు వచ్చినవి.

2021 జనవరి 3న మళ్ళీ గుడిలోకి వెళ్ళాము. మే నెలలో రెండవసారి లాక్‌డౌన్ వచ్చి మళ్ళీ మూశాము. ఆ రెండవ దెబ్బ మొదటిదానికంటె కఠినమైనది. దాని గురించి వేరుగా వ్రాయాలి, ఇప్పుడు వ్రాయలేను. ఆ వర్షాకాలములో తిరిగి లోపలికి వెళ్ళినప్పుడు కుర్చీలు మళ్ళీ ముందుకు వచ్చినవి. నేను ఒకసారి మాట్లాడాను, రెండుసార్లు మాట్లాడాను. సగము తగ్గినవి. బీడీల సహోదరి భర్త ఇప్పటికీ లోపలికి రాడు. కిటికీ బయట, వేపచెట్టు క్రింద, సున్నపు గుండ్రము ఉండిన చోటనే నిలబడి వింటాడు. ఏడు మెట్ల ప్రక్కన సిమెంటుతో వాలుదారి కట్టించాము. ఇంటింటికీ బల్ల తీసుకొని వెళ్ళడము కూడా ఆపలేదు. "ఇట్లా ఇంటికే ఇస్తే రేపు గుడికి ఎవరొస్తారు?" అని ఒక పెద్ద ఇప్పటికీ అంటాడు. ఆయన అడిగేది అర్థము లేని ప్రశ్న కాదు. బాగున్నవారు కూడా ఇద్దరు ముగ్గురు, "మా ఇంటికీ రండి అయ్యగారూ" అని అడిగారు. వారిని గుడికే రమ్మన్నాను.

మొదటి ఆదివారము మధ్యాహ్నము రెండవ షిఫ్టువారు వెళ్ళిన తరువాత బయలుదేరుతాను. పెద్దమ్మ ఇల్లు చివరను పెట్టుకొంటాను. ఆమె లోపలినుండి ఆ ఈత చాప తెచ్చి నా కోసము పరుస్తుంది. మొదటి ఏడాది నేను దాని మీద కూర్చోలేక, కాళ్ళు నొప్పి అని చెప్పి స్టూలు అడిగేవాడిని. ఆమె స్టూలు ఇచ్చేది, చాప మాత్రము తీసేది కాదు. ఇప్పుడు కూర్చుంటున్నాను. అంచు పిగిలింది; కొత్తది తెస్తానంటే వద్దంటుంది.